గోడకు ఆనించిన చెవి

ఆగస్టు వచ్చిందంటే పారిస్‌లో రొట్టెల కొట్లు కూడా మూతపడతాయి. జనమంతా సముద్రం ఒడ్డుకు పోతారు. కిటికీ తలుపులు మూసి ఉన్నాయంటే ఆ ఇంటివాళ్ళు సెలవులకు వెళ్ళారని అర్థం, ఇక దాని గురించి ఎవరూ ఆలోచించరు. 1976లో ఎండలు మరీ మండిపోయాయి. ఒక పాత భవనం నాలుగో అంతస్తులో మిగిలింది బర్తో ఒక్కడే.

ఇరుగుపొరుగు లెక్కలో అతను బీమా కంపెనీ గుమాస్తా. నిజానికి గూఢచారి శాఖలో చాటుగా వినే ఉద్యోగి. పక్క వాటాలో ఉండే సొలాంజ్ ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టు. రహస్య కాగితాలు పరాయి దేశానికి చేరవేస్తోందని ఆమె మీద అనుమానం. గోడలో దాచిన మైకులోంచి వచ్చేదంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడం, టేపు తిప్పడం, వారానికోసారి నివేదిక పంపడం బర్తో పని.

ఆ పిల్ల ఏ పాపమూ ఎరగదని రెండో నెలలోనే అతనికి తెలిసిపోయింది. ఆ ముక్క రాస్తే ఆమె గండం గడిచేది. కానీ రాస్తే మైకు పీకేసి అతన్ని ఇంకో ఊరు పంపిస్తారు. అందుకని రాయలేదు. వారం వారం ఒక కొత్త అబద్ధం అల్లాడు. ఆ అబద్ధాల మూలాన ఆమెను మంచి కొలువులోంచి తీసి మూల గదిలో పడేశారు. ఆమె ఏడ్చింది. ఆ ఏడుపూ విన్నాడు. ఆమె భోజనానికి కూర్చుంటే తానూ కంచం పట్టుకుని గోడ పక్కన చేరేవాడు. ఆమె నమిలితే తానూ నమిలేవాడు. దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాడు, సిగ్గులేని మనిషి. ఎంగిలాకులు నాకే కుక్కకైనా కడుపు నిండాక తృప్తి ఉంటుంది, ఇతనికి పదకొండు నెలలైనా అది లేదు.

జూలై ఆఖరి రోజు సాయంత్రం అవతల ఏదో దబ్బున పడింది. తరవాత మూలుగు. గోడను గోళ్ళతో గీకుతున్న చప్పుడు, సరిగ్గా మైకు పక్కన.

"మిస్యూ బర్తో... ఉన్నారా?... ఊపిరాడటం లేదు... ఒక్కసారి రండి..."

విన్నదాంట్లో తలదూర్చకూడదన్నది శాఖ నియమం. బర్తో ఆ నియమం చాటున దాక్కున్నాడు. వెళితే అంబులెన్సు వస్తుంది, పోలీసులొస్తారు, మైకు బయటపడుతుంది, రేపటినుంచి సొలాంజ్ వినపడదు. అతని భయం అంతవరకే. లేవలేదు. హెడ్‌ఫోన్లు రెండు చేతులతో ఇంకా గట్టిగా అదుముకున్నాడు. ఛీ! గంటన్నర అలాగే కూర్చుని విన్నాడు. ఆ తరవాత చప్పుడు లేదు.

తెల్లారి ఏడింటికి అవతల కుళాయి తిరిగింది. కాఫీ గిన్నె పొయ్యెక్కింది. చెప్పుల అడుగులు అటూ ఇటూ నడిచాయి. అమ్మయ్య, తేరుకుంది అనుకుని బర్తో కూడా కాఫీ పెట్టుకున్నాడు.

వారం తిరిగేసరికి వాసన మొదలైంది. ముందు మాగిన పండులా తియ్యగా ఉండేది. తరవాత నాలుక మీద జిడ్డులా అంటుకుంది. ఎన్ని నీళ్ళు పుక్కిలించినా పోదు. గోడకు అంటించిన పూల కాగితం ఉబ్బింది, కింద పసుపుపచ్చ చెమ్మ దిగింది, దాని మీద ఈగలు. ఒకరోజు భవనం కాపలా చూసే ఫిలొమెనా ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని పైకొచ్చింది.

"ఏం మిస్యూ, మీ చీజుకి ఇంకా అంత్యక్రియలు చెయ్యలేదా? రెండో అంతస్తు దాకా కొడుతోంది కంపు!"

"మురుగు గొట్టం అనుకుంటా, మదాం."

"గొట్టాన్నెందుకండీ ఆడిపోసుకుంటారు? మీరు స్నానం చేసి ఎన్నాళ్ళయింది? పక్కమ్మాయి అదృష్టవంతురాలు, ఒకటో తారీకునే సముద్రానికి చెక్కేసింది."

"వెళ్ళిందా... మీరు చూశారా?"

"చూడాలా? ముందు రోజే చెప్పింది పెట్టె సర్దానని. కిటికీలు మూసున్నాయి, కళ్ళు కనపడట్లేదా మీకు?"

లోపలే ఉందని బర్తోకి తెలుసు. ఆ పొద్దున్నే ఆమె జుట్టు దువ్వుకోవడం విన్నాడు. ఎలా విన్నావంటే ఏం చెబుతాడు? దొంగకు తేలు కుట్టినట్టు తలుపు వేసుకున్నాడు.

ఇరవయ్యెనిమిదో తారీకు మధ్యాహ్నం సొలాంజ్ గడప కిందనుంచి తెల్ల పురుగులు బయటికి పాకాయి. ఫిలొమెనా మారు తాళంచెవి తెచ్చింది. సరిగ్గా అప్పుడు బర్తో చెవుల్లో సొలాంజ్ కూనిరాగం తీస్తోంది. హెడ్‌ఫోన్లు విసిరేసి పరిగెత్తాడు.

"ఆగండి... ముందు తలుపు కొట్టండి. ఆవిడ లోపలుంది."

"మీకెలా తెలుసు?"

ఫిలొమెనా ఆగకుండా తాళం తిప్పింది. తలుపు తెరుచుకుంది.

గోడ వారగా పడి ఉంది. ప్రయాణానికని ముందే తొడిగి చూసుకున్న గౌను ఒంటితో కలిసిపోయింది. చర్మం నల్లబడి, ఉబ్బి, పగిలి... కింద చెక్కనేల అంతా జిగురు. విరిగిన గోరొకటి గోడ సున్నంలో గుచ్చుకుని ఉంది. కుళాయి కింద తొట్టి ఎండిపోయి ఉంది. కాఫీ గిన్నె దుమ్ముపట్టి ఉంది. ఫిలొమెనా మెట్ల మీద కక్కుకుంది. బర్తోకి సొలాంజ్ మీద జాలి రాలేదు, అసహ్యం వేసింది తన మీద తనకే.

గుండె ఆగి నాలుగు వారాలైందని డాక్టరు తేల్చాడు. అక్కడికక్కడే పోలేదట. ఎవరైనా వెంటనే వచ్చి ఉంటే బతికేదట.

మర్నాడు శవంతోపాటు మంచం, బల్ల, కుర్చీలు, ఆఖరికి కర్టెన్లు కూడా పట్టుకుపోయి తగలబెట్టారు. మందునీళ్ళతో కడిగి, తలుపుకి లక్క ముద్ర వేశారు. గోడలోని మైకు మాత్రం ఎవరి కంటా పడలేదు.

సాయంత్రం ఏడింటికి, ఇంకా వెలుతురుండగానే, బర్తో టైపు మిషను ముందు కూర్చుని పదకొండు నెలలు దాచిన వాక్యం కొట్టాడు. 'ఈమె నిర్దోషి.' ఆ మాట ఇప్పుడెవరికి కావాలి? టేపు యంత్రం ఆపేశాడు. హెడ్‌ఫోన్లు మాత్రం మళ్ళీ చెవులకెక్కాయి. పాడు అలవాటు. అవతల నిశ్శబ్దం. పదకొండు నెలల్లో మొదటిసారి గోడతో మాట్లాడాడు.

"సొలాంజ్... ఆ రోజు మీరు పిలవడం విన్నాను. నేను... రాలేదు."

బోసి నేల మీద కుర్చీ లాగిన చప్పుడు.

నెమ్మదిగా... గోడ దాకా వచ్చి ఆగింది. ఎవరో కూర్చున్నారు. ఊపిరి బిగబట్టారు. ఆ బిగబట్టడం బర్తోకి బాగా తెలుసు.

"ఎవరది?" గుసగుసగా అడిగాడు.

టక్... అని మీట నొక్కిన శబ్దం. టేపు చక్రం తిరగడం మొదలైంది.

బర్తో తన యంత్రం మీద చెయ్యి పెట్టి చూశాడు. అది ఆగే ఉంది.