మెట్ల మీద రెమ్మలు

"గురువారం దాకా నోరు మూసుకో. ఈసారి నీ మిషన్ అంతే."

నార్వే గూఢచారి శాఖ కెప్టెన్ ఓస్తెబో ఆ మాట ఫైలు మీంచి తలెత్తకుండానే అన్నాడు. ఏజెంట్ హాల్వర్ ల్యూండె అప్పటికి ఇరవై మిషన్లు చేసినవాడు. మూడుసార్లు చన్నీళ్ళ సముద్రంలో పడి తేలాడు. ఒకసారి పాస్టరు వేషంలో ఉండగా తప్పించుకునే దారిలేక ఏకంగా ఒక పెళ్ళి జరిపించేశాడు. ఆ జంట ఇప్పటికీ కాపురం చేసుకుంటోంది. అలాంటివాడికి నోరు మూసుకోవడం ఒక లెక్కా? ఫైలులో ఉన్న ఒకే ఒక్క కాగితం చదివాక గానీ ఆ పని ఎంత కష్టమో అతనికి తెలియలేదు.

లండన్ నుంచి వచ్చిన టెలిగ్రాం అది. బడిపంతులు ఆర్న్‌ఫిన్ హోవ్లన్‌ని జర్మన్లు అక్టోబరులో, ఓస్లో దగ్గరి జైలు వెనక అడవిలో కాల్చి చంపారు.

ఆర్న్‌ఫిన్, హాల్వర్ ఒకే బెంచీ మీద చదువుకున్నారు. ఒకే పడవలో చేపలు పట్టారు. ఇద్దరూ ఒకే అమ్మాయిని ఇష్టపడ్డారు కూడా, కానీ ఆ సంగతి హాల్వర్ ఎవరికీ చెప్పలేదు. ఆ అమ్మాయి దాగ్ని. ఆర్న్‌ఫిన్‌ని చేసుకుని, 1939లో తను ముందుగా నార్వే నుంచి అమెరికాకి, ఈ బ్రూక్లిన్ వచ్చింది. బడికి సెలవులివ్వగానే వచ్చేస్తానని అతను ఆగాడు. ఈలోగా యుద్ధం వచ్చి, నార్వే జర్మన్ల చేతిలో పడింది. ఇప్పుడు 1943 ఫిబ్రవరి.

"ఆమెకి చెప్పొద్దంటారు," అన్నాడు హాల్వర్.

"గురువారం దాకా ఆమెకి మొగుడున్నాడు," అన్నాడు ఓస్తెబో.

కారణం చిన్నదేం కాదు. దాగ్ని నార్వే ఓడల ఆఫీసులో టైపిస్టు. ఏ ఓడ ఎప్పుడు, ఏ దారిన వెళ్తుందో ఆ టైపు మిషన్ మీదుగానే పోతుంది. ఓడలకు సరుకులు సప్లై చేసే స్వెర్రె క్వామె ప్రతి గురువారం ఆమె ఇంటికి కాఫీ డబ్బా పట్టుకొస్తాడు. అందులో నెలకోసారి జైలు నుంచి ఆర్న్‌ఫిన్ రాసిన ఉత్తరం ఉంటుంది. ఉత్తరానికి బదులు ఓడల దారులు. స్వెర్రె నార్వేవాడే, చర్చి విందులో అందరికంటే ముందు బల్ల దగ్గర చేరేవాడే. జర్మన్ల మనిషి.

మొదటి ఉత్తరం అందిన రోజే దాగ్ని దాన్ని తెచ్చి ఓస్తెబో బల్ల మీద పెట్టింది. అప్పట్నుంచి పద్నాలుగు నెలలుగా డబుల్ ఏజెంట్. ఎర్ర ఊలు టోపీ, ఎర్ర లిప్‌స్టిక్, ఎత్తు మడమల చెప్పులు. స్వెర్రె కారెక్కి డాన్సులకు పోతుందని వీధి వీధంతా చెవులు కొరుక్కున్నా నవ్వి ఊరుకుంది. "నా మొగుడు బతికున్నన్నాళ్ళే స్వెర్రె నన్ను నమ్ముతాడు," అనేది. ఇప్పుడు ఆ మొగుడు లేడు. అయినా అక్టోబరు తర్వాత నాలుగు ఉత్తరాలొచ్చాయి. చేతిరాత ఎవడో దొంగ రాత.

శుక్రవారం పొద్దున 'వెస్ట్‌ఫ్యెల్' ఓడ నలభై ముగ్గురు మనుషులతో ఉత్తరపు దారిన బయల్దేరుతుంది. దాగ్ని స్వెర్రెతో దక్షిణమని చెప్పాలి. అతను గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి ఆ మాట రేడియోలో పంపాలి. జర్మన్ సబ్‌మెరైన్లు దక్షిణానికి పోయి కాపు కాయాలి. భర్త పోయాడని ఆమెకి తెలిసిందని స్వెర్రెకి ఏమాత్రం అనుమానం వచ్చినా అంతా తిరగబడుతుంది. నలభై ముగ్గురూ నీళ్ళపాలే.

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకి హాల్వర్ వీధి మంచు తీసే కూలీ వేషంలో దాగ్ని ఇంటి దగ్గరికి వచ్చాడు. ముఖానికి మసి, మెడకి మఫ్లర్. పార పిడిలో మీట ఉంది. నొక్కితే మలుపులో ఆగున్న రెండు కార్లు క్షణంలో వచ్చిపడతాయి. చెవిలోది చెవిటివాళ్ళు పెట్టుకునే మిషన్ లాగే ఉంటుంది గానీ, దాగ్ని వంటింట్లో కాఫీ మర తిరిగే చప్పుడు కూడా అందులో వినిపిస్తుంది.

మెట్ల వైపు చూసి అతను నిలబడిపోయాడు.

తెల్లటి మంచు మీద, గేటు నుంచి తలుపు దాకా, పచ్చటి స్ప్రూస్ చెట్టు రెమ్మలు. శుభ్రంగా నరికి, తివాచీ పరిచినట్టు పరిచి ఉన్నాయి. నార్వేలో వాళ్ళ ఊళ్ళల్లో చావింటి ముందు పరిచేవి. పోయినవాడు ఆ పచ్చదనం మీదుగా సాగిపోవాలి. తెల్లవారకముందే పరిచి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోతారు. లోపలివాళ్ళు తలుపు తెరిచాకే పరామర్శ. ఏ శత్రువూ వేయలేని దెబ్బ ఇరుగుపొరుగు ప్రేమ కొద్దీ వేశారు.

స్వెర్రె రావడానికి ఇరవై నిమిషాలుంది. అతను నార్వేలో పుట్టినవాడు, చూస్తే చాలు తెలిసిపోతుంది.

హాల్వర్ పార పక్కన పెట్టి, చీపురు తీసి ఊడవడం మొదలుపెట్టాడు. ప్రతి రెమ్మా ఆర్న్‌ఫిన్‌కి ఎవరో ఇచ్చిన మర్యాద. చిన్ననాటి స్నేహితుడికి ఆ కాస్త మర్యాదా దక్కకుండా చేస్తున్నది తన చేతులే. కళ్ళు మసకబారాయి. చలికి అనుకుని మఫ్లర్‌తో తుడుచుకున్నాడు.

సగం మెట్లు అయ్యేసరికి పక్కింటి తోమీనె ఏప్రన్ కట్టుకునే బయటికొచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి.

"నీకు తల్లీతండ్రీ లేరట్రా? చావింటి రెమ్మలు ఊడుస్తావా? అవి నేను పరిచినవి. చర్చి వెనక పారేసిన క్రిస్మస్ చెట్టు మోసుకొచ్చి, నా నడుము పోయేలా నరికి పరిచాను."

హాల్వర్ మఫ్లర్ కిందికి లాగాడు. "పెద్దమ్మా, నేను హాల్వర్‌ని."

ఆమె కళ్ళు చికిలించి చూసింది. "ఇన్సూరెన్సు ఆఫీసు హాల్వరా? ఉద్యోగం పోయిందా నాయనా?"

"పోలేదు. ఈ రెమ్మలు మధ్యాహ్నం దాకా ఇక్కడ కనపడకూడదు. ఎందుకని అడక్కు."

"నిన్న చర్చిలో ఓడ దిగిన కుర్రాడు చెప్పాడు. ఆర్న్‌ఫిన్ పోయాడా, లేదా?"

నాలుగు రోజులుగా మూసుకున్న నోరు. ఆ ముసలామె ముఖం చూస్తూ అబద్ధమాడడం అతని వల్ల కాలేదు. "పోయాడు," అన్నాడు. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"ఆ పిల్లకి తెలుసా?"

"తెలీదు. తెలిస్తే ఇంకా చాలామంది పోతారు పెద్దమ్మా."

వీధి చివర స్వెర్రె కారు మలుపు తిరిగింది. తోమీనె కారునీ చూసింది, హాల్వర్ ముఖాన్నీ చూసింది. ఏప్రన్ చాపి, "ఇందులో వెయ్యి," అంది. ఊడ్చినవీ మిగిలినవీ అతను గబగబా అందులోకి ఎత్తాడు.

స్వెర్రె కారు దిగేసరికి ఆమె తన ఇంటి మెట్ల మీద వంగి రెమ్మలు పరుస్తోంది. కాఫీ డబ్బా చంకలో పెట్టుకుని స్వెర్రె దాగ్ని మెట్లెక్కబోయి, మూడో మెట్టు మీద ఆగాడు. మంచులోంచి ఒక పచ్చ కొన తొంగిచూస్తోంది. వంగి తీశాడు. వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. తల పైకెత్తి దాగ్ని కిటికీ వైపు చూశాడు.

హాల్వర్ బొటనవేలు మీట మీదికి వెళ్ళింది. నొక్కితే స్వెర్రె దొరుకుతాడు. పన్నెండింటి మెసేజ్ మాత్రం పోదు. సబ్‌మెరైన్లు ఉత్తరాన ఉన్నచోటే ఉంటాయి.

"అది నాదే బాబూ, చేతిలోంచి జారింది. ఇటివ్వు," అంది తోమీనె.

"ఎవరు పోయారు?"

"మా ముసలాయన. తెల్లారుజామున."

స్వెర్రె టోపీ తీశాడు. అదే సమయానికి ఆమె ఇంటి పై కిటికీలోంచి, సాక్షాత్తూ ఆ పోయిన పేదర్ ముసలాయన గొంతు సవరించుకున్న చప్పుడు. తోమీనె ఏప్రన్ ముఖానికి కప్పుకుని గొల్లుమంది. ఆ ఏడుపులో నటన లేదు. తెల్లవారుజాము నుంచి ఆర్న్‌ఫిన్ కోసం దాచుకున్న ఏడుపు, పేదర్ పేరున బయటపడింది. స్వెర్రె రెమ్మ ఆమె చేతికిచ్చి, పేదర్ మంచి మనిషని నాలుగు మాటలు చెప్పి, దాగ్ని తలుపు తట్టాడు.

చెవిలోని మిషన్‌లో హాల్వర్ అంతా విన్నాడు. డబ్బా మూత తీసిన చప్పుడు. ఉత్తరం మడత విప్పిన చప్పుడు. ఈ వసంతానికి తోటలో బంగాళదుంపలు ఎవరు నాటుతారోనని ఆర్న్‌ఫిన్ బెంగపడ్డాడట. దాగ్ని అది పైకి చదివి, మనిషి ఎప్పటికీ మారడని నవ్వింది. కాఫీ పోసింది. గింజలు ఈసారి మాడాయంది. అది వాళ్ళ కోడ్ మాట, సమాచారం సిద్ధమని. తర్వాత 'వెస్ట్‌ఫ్యెల్' దక్షిణపు దారి చెప్పింది. ఒక్కసారి కూడా ఆమె గొంతు వణకలేదు.

పన్నెండు గంటల ఇరవై నిమిషాలకి పార పిడి రెండుసార్లు జివ్వుమంది. మెసేజ్ వెళ్ళింది. చేపల గోదాములో రేడియో ముందే స్వెర్రె పట్టుబడ్డాడు. హాల్వర్ చీపురు గోడకి ఆనించి పైకెక్కాడు. ఎలా మొదలుపెట్టాలో దారి పొడుగునా వెతుక్కుంటూనే ఉన్నాడు.

దాగ్ని వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. లిప్‌స్టిక్ తుడిచేసుకుంది.

"ఆరింటికే కిటికీ తెర తీశాను," అంది. "రెమ్మలు చూశాను. ముసలమ్మ ఇల్లు పొరబడిందనుకున్నాను. మూడున్నర గంటలు అదే అనుకుంటూ కూర్చున్నాను."

"దాగ్నీ..."

"నువ్వు వచ్చావు. అబద్ధమైతే పరుగున పైకొచ్చి చెప్తావు కదా, నాకు తెలుసు. నువ్వు చీపురు తీశావు. అప్పుడు పోయింది హాల్వర్, ఆశ."

ఆమె కుడిచేతి ఉంగరం తీసింది. నార్వేలో భర్త ఉన్న ఆడవాళ్ళు కుడిచేతికి, భర్త పోయినవాళ్ళు ఎడమచేతికి పెట్టుకుంటారు. దాన్ని ఎడమచేతికి తొడుక్కుంది. వేలి కణుపు దగ్గర అది ఆగితే, అతను చూస్తుండగానే బలంగా తోసింది. అప్పుడు ఏడ్చింది. అతను ఎదురుగా నిలబడే ఉన్నాడు. ఇరవై మిషన్లలో ఏ ఒక్కటీ అతనికి ఆ క్షణాన పనికిరాలేదు.

"ఆ రెమ్మలు మళ్ళీ వెయ్యి," అంది కళ్ళు తుడుచుకుని. "ఆయన్ని ఎలాగూ తెచ్చుకోలేం. దారైనా వేసి ఉంచుదాం."

హాల్వర్ కిందికి దిగాడు. తోమీనె మెట్ల మీద మోకాళ్ళపై కూర్చుని, రెమ్మలు ఒక్కొక్కటే ఏరి చేతిమీద పేర్చుకున్నాడు. పేదర్ పోయాడన్న కబురు విని అప్పటికే ఇద్దరు ముగ్గురు మీగడ జావ గిన్నెలు తెచ్చిచ్చి పోయారు. పైన కిటికీ తెరుచుకుంది. మీసాలకి జావ అంటుకున్న పేదర్ తల బయటపెట్టి, కాసేపు చూసి, మెల్లగా అన్నాడు:

"తీసుకుపో నాయనా. నాకిప్పుడే తొందరేం లేదు."