కొమ్ములు వంచిన వాచీ

సంచి అడుగున పందికొవ్వు డబ్బా, దాని మీద చక్కెర, ఎండు చేపలు... లిన్‌హో ఒక్కొక్కటే సర్దుతోంది. తెల్లవారితే భర్త టిన్‌యౌ హాంకాంగ్ సరిహద్దు వంతెన దాటి అవతల చైనాలో ఉన్న సొంత పల్లెకి వెళతాడు, ఛింగ్‌మింగ్ పండుగకి తండ్రి సమాధి శుభ్రం చెయ్యడానికి. చివరగా అతని కోటు మడత పెడుతుంటే జేబులో ఒక ఎర్ర దారం చేతికి తగిలింది. రెండు కొసలా ముడి వేసిన దారం!

ఆ సందులో ఆడవాళ్ళందరిలాగే లిన్‌హో కూడా ఫ్యాక్టరీ నుంచి వాచీల ఇత్తడి డొల్లలు తెచ్చుకుని ఇంట్లో ఆకురాయితో సాపు చేస్తుంది. మణికట్టు కొలత దారాన్ని ఆమె గుర్తు పట్టలేదా! ఈమధ్యనే టిన్‌యౌ తన చేతి వాచీ విప్పి ఆమె ముందు పెట్టాడు.

"పట్టీ తగిలించే కొమ్ములు బాగా కిందికి దించు. సన్న చేతికి పట్టాలి."

"ఎవరి చేతికండీ?"

"స్నేహితుడికి" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆ చూపే ఆమెని నిద్రపోనివ్వలేదు. స్నేహితుడైతే పేరుండదా? భార్య మొహం చూసి చెప్పడానికేం? ఇప్పుడీ దారం! తన మణికట్టుకి చుట్టుకుంది. కొసలు కలవలేదు. తనకంటే సన్నని చెయ్యి... లేత చెయ్యి... ఏ కన్నెపిల్లదో!

టిన్‌యౌ గుమ్మంలో అడుగు పెట్టగానే దారం అతని మొహాన విసిరింది. "ఎవరిదండీ ఈ చెయ్యి? నా చేతులతోనే దానికి వాచీ కుదిర్చిపెట్టాలా!"

"మెల్లగా! అమ్మ వింటుంది..."

"విననివ్వండి! సమాధి పేరు చెప్పి కొత్త కాపురానికి పోతున్న కొడుకుని ఆవిడా చూడనీ!"

మూల కూర్చుని చెప్పుల అట్టలు కుడుతున్న అత్తగారు సూది ఆపింది. "సిగ్గులేదట్రా? పల్లెలో ఉండిపోయిన మీ అన్నని చూసి నేర్చుకో! ఎద్దులాంటి మనిషి! వాడి మణికట్టు నా పిడికిట్లో పట్టేది కాదు. అయినా ఏనాడైనా పరాయి ఆడదాని వంక చూశాడా?"

టిన్‌యౌ దారం నేల మీంచి ఏరి తల్లి ముందు పెట్టాడు. "అమ్మా... ఆ దారం అన్నయ్యదే."

ముసలావిడ దారం తీసి తన ఎముకల చేతికి చుట్టుకుంది. సరిగ్గా సరిపోయింది!

"అక్కడ కరువు, అన్నయ్యకి తిండి లేదమ్మా... చేపలమ్మే మో అత్త వెళ్ళినప్పుడు కొలత తెచ్చింది. నీకు తెలిస్తే అన్నం ముట్టవని దాచాను."

"నా నాలుక తెగిపోనూ!" అని లిన్‌హో తల బాదుకుంది. వెంటనే వాచీ అందుకుని, పట్టుకారు కొసలకి గుడ్డ చుట్టింది. ఆకురాయి ముట్టుకోలేదు. "అరగదీస్తే మళ్ళీ రాదు. వంచితే రేపు బావగారికి కండ పట్టాక మళ్ళీ సాపు చెయ్యొచ్చు" అంటూ కొమ్ములు కొంచెం కొంచెంగా దించింది. కన్నీళ్ళు ఇత్తడి మీద పడుతూనే ఉన్నాయి.

కానీ పాడు అనుమానం పోతుందా? బావగారు అమ్ముకుని బియ్యం కొనుక్కునే వాచీకి కొలత ఎందుకు? పైగా వంతెన దగ్గర కాపలావాళ్ళు చేతి వాచీని కూడా పర్మిట్టు మీద రాసి, తిరిగొచ్చేటప్పుడు సరి చూస్తారే!

"వచ్చేటప్పుడు చేతికి వాచీ లేకపోతే మిమ్మల్ని రానిస్తారా?"

అతను నవ్వాడు. "చేతికి వాచీ ఉన్నవాడే వస్తాడులే."

పండుగ వెళ్ళిన మూడో నాడు సాయంత్రం మెట్ల మీద అదే కోటు, అదే టోపీ! "వచ్చారా!" అని లిన్‌హో పరుగెత్తింది. టోపీ కింద పైకి లేచిన దవడ ఎముకలు, గుంటలు పడ్డ కళ్ళు... టిన్‌యౌ పోలికే, టిన్‌యౌ కాదు. బావగారు! చేతిలో తమ్ముడి పర్మిట్టు, మణికట్టుకి తన సొంతదే అన్నంత బిగుతుగా తమ్ముడి వాచీ.

"వాడే తొడిగి పంపాడమ్మా... 'నేను లావుగా ఉన్నాను, ఇంకో చలికాలం తట్టుకుంటాను. నువ్వు తట్టుకోలేవు' అన్నాడు. కాళ్ళు పట్టుకున్నా వినలేదు..."

ముసలావిడ పెద్ద కొడుకుని కావలించుకుని చిన్న కొడుకు పేరు పెట్టి ఏడ్చింది.

"అవతల ఇంకో పెళ్ళాం ఉందిలే, అందుకే ఉండిపోయాడు!" అని సందులో ఆడవాళ్ళు గుసగుసలాడారు. లిన్‌హో మాత్రం ఆ తర్వాత భర్తని ఒక్క నాడూ అనుమానించలేదు. బావగారి చెయ్యి నిండాక వాచీ కొమ్ములు మళ్ళీ తనే పైకి ఎత్తింది.

టిన్‌యౌ తిరిగి రాలేదు. అతను వంతెన దాటింది 1961లో, ఛింగ్‌మింగ్‌కి ముందు రోజు.