లాజార్‌కి గోధుమలు వండిందెవరు?

"ఈ పుస్తకం రాసినావిడ ఎక్కడుంటుందో చెప్పండి. మిగతాది నేను చూసుకుంటాను."

వుకాన్ తలెత్తాడు. కౌంటర్ అవతల ఒక అమ్మాయి. కోపంలో గొడుగు మూయడం మరిచిపోయి షాపులోకి వచ్చేసింది. ఆ గొడుగు నుంచి కారే వాన నీళ్ళన్నీ సరిగ్గా కొత్త పుస్తకాల బల్ల మీద పడుతున్నాయి.

"ముందు గొడుగు మూస్తారా? పుస్తకాలు తడుస్తున్నాయి."

"తడవనివ్వండి. అందులో సగం ఇదే పుస్తకం."

నిజమే. ఆ శరత్కాలంలో మా నోవి సాద్‌లో ఏ బుక్‌షాప్ చూసినా అదే బల్ల, అదే పుస్తకం. 'చలి పెదవులు' అనే ప్రేమ నవల మూడు భాగాలు వచ్చి, లాజార్ అనే రక్తపిశాచి మీద ఊరంతా మనసు పారేసుకుంది. నాలుగో భాగం రావడానికి ఇంకా చాలా కాలం ఉంది. ఈలోగా ఎవరో ప్రచురణకర్త ఆకలి మీదున్న పాఠకులకి ఒక గైడు వడ్డించాడు. పేరు 'లాజార్ సర్వస్వం'. రచయిత్రి మిలా క్రూనిచ్.

"ఏం బాగోలేదండీ?" అని అడగడం వుకాన్ చేసిన పొరపాటు.

దూన్య, అదే ఆ అమ్మాయి పేరు, గొడుగు మూసి పుస్తకం తెరిచింది. ప్రతి పేజీలోనూ పెన్సిల్ గీతలే.

"మొదటి సగం నవల కథే మళ్ళీ చెప్పింది. కథ తెలియకపోతే గైడు ఎందుకు కొంటానండీ? ఇదిగో, లాజార్ పుట్టిన కోట అట, ఫొటో వేసింది. లాజార్ పుట్టింది రైతు ఇంట్లో. ఇక్కడేమో 'మీకు తగిన వాంపైర్ ఎవరు?' అని పరీక్ష. నాకు ఎవరొచ్చారో తెలుసా? లాజార్ వాళ్ళ మేనమామ."

"మంచివాడేనా?"

"మొదటి భాగంలోనే పోయాడు. ఇవి చూడండి, అన్నీ ఖాళీ పేజీలు. 'మీ అనుభూతులు ఇక్కడ రాసుకోండి' అట. రాశాను. చదవమంటారా?"

"వద్దులెండి. అనధికారిక గైడు అని కవర్ మీదే వేశారు కదా."

"ఎరుపు మీద ఎర్రక్షరాలతో వేశారు. అనధికారికం అంటే నవల రాసినావిడ అనుమతి లేదని. నవల చదవకుండా రాసెయ్యొచ్చని కాదు."

వుకాన్‌కి నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకున్నాడు. దూన్య అది చూసింది. చూసి ఇంకాస్త మండిపడింది.

"ఇవన్నీ క్షమిస్తాను. ఇది మాత్రం క్షమించను," అంటూ ఒక పేజీ మీద వేలు పెట్టింది.

'లాజార్‌కి ఇష్టమైన వంటకం: పండగ గోధుమలు'. కింద తయారుచేసే విధానం, వాల్‌నట్‌లు, పంచదారతో సహా.

వుకాన్ నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది.

"రెండో భాగం చదివారా మీరు?" అంది.

"లేదు."

"బుక్‌షాప్‌లో పనిచేస్తూనా?"

"బేకరీ వాళ్ళు రొట్టెలన్నీ తింటారా?"

ఈసారి నవ్వు ఆపుకోవడం దూన్య వంతయింది. కానీ చెప్పాల్సింది చెప్పకుండా వదిలే రకం కాదు.

"లాజార్ వాళ్ళ ఇంటిని కాచే పునీతుడు ప్రధానదూత మిహాయ్లో. ఆయన దేవదూత, చావు లేనివాడు. అందుకని ఆయన పేర చేసే ఇంటి పండక్కి, స్లావాకి, మిగతా ఇళ్ళలోలా ఆ ఇంట్లో గోధుమలు వండరు. గోధుమలు వండేది చనిపోయినవాళ్ళ కోసం. రెండో భాగం చివర లాజార్ పండగ రోజు ఇంటికొస్తాడు. తను చచ్చిపోయానని వాడికింకా తెలియదు. బల్ల మీద గోధుమల గిన్నె చూస్తాడు. మన ఇంట్లో గోధుమలేమిటి, ఎవరి కోసం వండారు అనుకుంటాడు. అప్పుడు తెలుస్తుంది వాడికి." పేజీ మీద వేలు గట్టిగా నొక్కింది. "అక్కడ నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఈ మిలా దాన్ని వంటల పేజీ చేసింది."

వుకాన్‌కి నిజం తెలుసు. మిలా క్రూనిచ్ అనే ఆవిడ ఈ భూమ్మీద లేదు. ఉన్నది మిలిసావ్ అనే రిటైరైన చరిత్ర మాస్టారు. బుంగమీసాల మనిషి. వుకాన్‌కి కన్నతండ్రి. అమ్మాయిలు కొనాలంటే కవర్ మీద అమ్మాయి పేరే ఉండాలని ప్రచురణకర్త పట్టుబట్టాడు.

మోకాలు విరిగి మంచాన పడ్డప్పుడు మాస్టారికి భార్య రూజా ఆ నవలలు తెచ్చిచ్చింది. పిశాచాల ప్రేమ గోల ఏమిటని తిడుతూ మొదలుపెట్టిన మనిషి, మూడో భాగం అయ్యేసరికి లాజార్‌ని ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకోకుండా అయ్యాడు. గైడు రాశాక పాత సహోద్యోగులందరికీ చెప్పుకున్నాడు. మిలా అంటే నేనేనని మీసం తిప్పి మరీ చెప్పాడు.

ఆ సాయంత్రం వుకాన్ ఇంటికెళ్ళి సూటిగా అడిగాడు. "నాన్నా, మనది ప్రధానదూత ఇల్లు. మనమే గోధుమలు వండం. నువ్వు ఆ పేజీ ఎలా రాశావు?"

"అచ్చయిపోయింది. ఇంకేం మాట్లాడతావు?" అని మాస్టారు రేడియో గొంతు పెంచాడు.

తర్వాతి శనివారం దూన్య మళ్ళీ వచ్చింది. ఇంకో తప్పు దొరికిందట. ఆ పై శనివారం ఇంకోటి. తప్పులు అయిపోయాయి గానీ శనివారాలు అవ్వలేదు. దూన్య పనిచేసే కళ్ళద్దాల షాపు పక్క వీధిలోనే. పని అయ్యాక ఇద్దరూ కాఫీకి వెళ్ళేవాళ్ళు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

వుకాన్ మూడు భాగాలూ చదివేశాడు.

"గోధుమల దగ్గర ఏడ్చావా?" అని అడిగింది.

"కళ్ళు మండాయి."

"ఇలా చూడు. నా పనే కళ్ళు చూడటం." కాసేపు అలాగే చూసింది. అవసరమైన దానికన్నా ఎక్కువసేపే చూసింది. "ఏడ్చావు."

అప్పుడైనా చెప్పేయాల్సింది. ప్రతి శనివారం వుకాన్ చెబుదామనుకునే బయల్దేరేవాడు. ఆ నవ్వు చూసి, వచ్చే వారం చెబుదాంలే అని తిరిగొచ్చేవాడు. ప్రేమలో పడ్డవాళ్ళకి వాయిదాలు వేయడం ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంతలో దూన్య రివ్యూ రాసి నెట్‌లో పెట్టింది. 'పండగ వంటకీ చావింటి వంటకీ తేడా తెలియని మనిషి లాజార్ జోలికి పోకూడదు' అన్న వాక్యం ఊరంతా పాకింది. మిలిసావ్ మాస్టారి ఫోన్‌లోకి కూడా వచ్చింది. పంపింది పాత సహోద్యోగే, పక్కన నవ్వుముఖం పెట్టి మరీ.

మాస్టారు ఆ రోజు నుంచి నవలల ఊసెత్తలేదు. నవంబర్‌లో వాళ్ళ స్లావా. పండగ దగ్గరపడుతుంటే వంటింట్లో భార్యతో, "ఈసారి ఎవరూ రాకపోతే బాగుండు," అన్నాడు. అది జరిగే పని కాదు. మా దగ్గర స్లావాకి ఎవరినీ పిలవరు. పాతవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. తలుపు తీసి ఉంచడం ఒక్కటే ఇంటివాళ్ళ పని.

తల్లి ఆ మాట చెప్పాక వుకాన్‌కి నిద్ర పట్టలేదు. దూన్యని ఇంటికి తీసుకొస్తే నాన్న పరువు పోతుంది. తీసుకురాకపోతే దూన్య పోతుంది.

పండగకి ముందు రోజు షాపులో స్టాంకా, వుకాన్‌తో పాటు పనిచేసే ఆవిడ, దూన్య దగ్గర నోరు జారింది. "రేపు వుకాన్ రాడమ్మా. వాళ్ళింట్లో స్లావా. నీకు తెలుసుగా."

దూన్యకి తెలియదు. వుకాన్‌ని షాపు బయటికి లాగింది. వాన తుంపర పడుతోంది. గొడుగు ఇద్దరికీ ఉంది, ఎవరూ తెరవలేదు.

"మీ ఇంట్లో పండగ అని స్టాంకా చెబితే నాకు తెలియాలా?"

"స్లావాకి ఎవరినీ పిలవరు కదా, దూన్యా."

"మొదటిసారి పిలుస్తారు. ఆ తర్వాతే పిలవరు. నాకు చెబుతున్నావా?" మూసిన గొడుగుతో నేలని పొడిచింది. "నన్ను మీవాళ్ళకి చూపించడం నీకు సిగ్గుగా ఉందా?"

"నీ వల్ల కాదు. నేను భయపడ్డాను." వుకాన్ ఇక దాచలేకపోయాడు. "మిలా క్రూనిచ్ మా నాన్న. నీ రివ్యూ చదివాక ఆయన బయటికి రావడం మానేశాడు."

దూన్య ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇన్ని శనివారాలు నన్ను వాగనిచ్చావు," అంది.

"నువ్వు రావడం మానేస్తావేమోనని."

"ఒక్క మాట చెప్పు. రేపు పండగ అంటే మీది ప్రధానదూత ఇల్లే కదా?"

"అవును."

దూన్య ఇంకేదో అడగబోయి మానేసింది. వాన పెరిగింది. అతని వంక చూడకుండానే వెళ్ళిపోయింది. అంతా అయిపోయిందనుకున్నాడు వుకాన్.

మర్నాడు మధ్యాహ్నం నది అవతల పెట్రోవరాదిన్‌లో మాస్టారి ఇల్లు నిండిపోయింది. కొవ్వొత్తి వెలుగుతోంది. బల్ల మీద పండగ రొట్టె, వైను, మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు. మాస్టారు అందరికీ వడ్డిస్తూ తిరుగుతున్నాడు గానీ మీసాల్లో మునుపటి ఊపు లేదు. ఒక పాత సహోద్యోగి, "మిలా గారూ, గోధుమలేవీ?" అని అడిగి తనే నవ్వాడు. మాస్టారు వినబడనట్టు గ్లాసు నింపాడు.

బెల్ మోగింది. వుకాన్ తలుపు తీశాడు. వైను సీసా పట్టుకుని దూన్య.

"నేను పిలవలేదు కదా," అన్నాడు, ఏమనాలో తెలియక.

"స్లావాకి పిలవరట. నిన్న ఎవరో చెప్పారు. జరుగు."

లోపలికొచ్చి తిన్నగా మాస్టారి ముందు నిలబడింది. "పండగ శుభాకాంక్షలు, మాస్టారూ. నా పేరు దూన్య. ఆ రివ్యూ రాసింది నేనే."

గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"చావింటి వంట అన్నది నువ్వేనా, అమ్మాయ్?" అన్నాడు మాస్టారు మెల్లగా.

"నేనే. అది అబద్ధం కాదు కాబట్టి క్షమించమని అడగను. ఒక సంగతి తేల్చుకుందామని వచ్చాను." బల్ల వంక తిరిగింది. "మీ బల్ల మీద గోధుమలు లేవు."

"మా ఇంట్లో వండం."

"మీ ఇంట్లో వండనివాళ్ళు లాజార్ ఇంట్లో ఎలా వండుతారు? రాత్రంతా ఇదే ఆలోచించాను. ఆ పేజీ మీరు రాయలేదు, మాస్టారూ. ఎవరు రాశారు?"

మాస్టారు చేతిలో సీసా కింద పెట్టాడు. పెద్దగా ఊపిరి వదిలాడు. "రాయలేదమ్మా," అన్నాడు.

వుకాన్, రూజా మొహమొహాలు చూసుకున్నారు.

"ఆ గిన్నె చూసి లాజార్ గుమ్మంలో ఆగిపోతాడే, ఒక్క దాని మీదే పదకొండు పేజీలు రాశాను. అమ్మాయిలకి ఇంత ఏడుపు ఎందుకు మాస్టారూ, ఏదైనా వంటకం పెడదాం అన్నాడు ప్రచురణకర్త. పెట్టనన్నాను. వాళ్ళే పెట్టేశారు. కోట, పరీక్ష, ఖాళీ పేజీలు, అన్నీ వాళ్ళవే. పుస్తకం చేతికొచ్చాకే చూసుకున్నాను."

"మాకైనా చెప్పలేదేం?" అంది రూజా.

"పుస్తకం రాశానని ఊరంతా చాటుకున్నాను. అందులో నాది మిగిలింది కాస్తే అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఇందాక గోధుమలడిగిన పెద్దమనిషి తన పళ్ళెంలోకి చూసుకున్నాడు.

"ఆ వాక్యం తీసేస్తాను, మాస్టారూ," అంది దూన్య. ఇప్పుడు ఆమె గొంతే సన్నబడింది.

"తీయొద్దు. తగలాల్సినవాళ్ళకి తగలనీ. ఆ పేజీ రాసిన మహానుభావుడెవరో నువ్వే అందరికీ చెప్పు." మీసం కొంచెం కదిలింది. "పరీక్షలో నీకెవరొచ్చారు?"

"మేనమామ."

"నాకూ వాడే."

దూన్య ఫక్కున నవ్వింది. మాస్టారు కూడా నవ్వాడు. కొన్ని వారాలుగా ఆ ఇంట్లో వినబడని నవ్వు అది. రూజా కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. వుకాన్ గోడకి ఆనుకున్నాడు.

"ఆ పదకొండు పేజీలు ఏమయ్యాయి?" అని అడిగింది దూన్య.

"నాకు కంఠతా వచ్చు."

"అయితే చెప్పండి."

మాస్టారు నిలబడే చెప్పాడు. దూన్య కుర్చీ అంచు మీద కూర్చుని వింది. మధ్యలో రెండుసార్లు ఒప్పుకోలేదు. ఒకసారి ఆయన తగ్గాడు, ఒకసారి ఆవిడ తగ్గింది. పాత సహోద్యోగులు తినడం మానేసి విన్నారు.

మళ్ళీ బెల్ మోగింది. కొత్తగా ఒక గుంపు అతిథులొచ్చారు. కుర్చీలు చాలక దూన్య లేచింది. మాస్టారు కాఫీల ట్రే తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

"నేను అతిథిని కదండీ," అంది.

"అతిథులు కూర్చుంటారు. ఈ రోజు ఇంటివాళ్ళం మాత్రం కూర్చోం, అమ్మాయ్. పట్టుకెళ్ళు."

ఆయన మామూలుగానే అని, వచ్చినవాళ్ళ కోట్లు అందుకోవడానికి వెళ్ళిపోయాడు. దూన్య ట్రేతో నడవాలోనే నిలబడిపోయింది. వుకాన్ దగ్గరికొచ్చాడు.

"మీ నాన్న ఇప్పుడేమన్నారో విన్నావా?"

"విన్నాను."

"అది నువ్వు అనాల్సిన మాట. ఆయన ముందు అనేశారు."

"నాకు నీ రివ్యూ అంటే భయం, దూన్యా."

"ఇప్పుడను. తప్పులు పట్టను."

వుకాన్ అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు, ఆమె ఒక్కదానికే వినబడేలా. చెప్పినట్టే ఒక్క తప్పూ పట్టలేదు దూన్య. ట్రేలో కప్పులు మాత్రం గలగలలాడాయి.

"కాఫీలేవీ?" అని లోపలి నుంచి మాస్టారు కేకేశాడు.

"వస్తున్నాం," అంది దూన్య. లోపలికి వెళ్ళింది. వచ్చినవాళ్ళకి కాఫీలిచ్చింది, రొట్టె అందించింది, గ్లాసులు నింపింది. కాళ్ళు లాగుతున్నా, ఎన్ని కుర్చీలు ఖాళీ అయినా, చివరి అతిథి వెళ్ళేదాకా ఆమె కూర్చోలేదు.