ఓబుళప్ప చేనిలో కండ్లు

పెనుకొండలో కొండ వెనకాల ఓబుళప్ప శెనక్కాయ చేనుంది. పొద్దు గూకినాక ఆ దారిన ఎవరూ పోరు. ఆ చేనికి కండ్లున్నాయంటారు.

ఓబుళప్ప పెండ్లాం యల్లక్క ఆ చేనిలోనే పోయింది. రాత్రి కరెంటొచ్చిందని నీళ్ళు కట్టేదానికి పోతే పాము కరిచింది. అప్పటినుంచి ఆయప్ప నెత్తికి లైటు కట్టుకుని మోటారు వేసేదానికి పోతే చాలు — చేనంతా పచ్చగా, మినుకు మినుకుమని... కండ్లే కండ్లంట. అన్నీ ఆయప్పనే చూస్తాంటాయంట.

తమ్ముడు నల్లప్ప పక్కనే నిలబడి చూశాడు. ఏమీ లేవు. ఇంకో ఇద్దరు చూశారు. వాళ్ళకూ లేవు.

"వదిన నిన్నొక్కన్నే పిలుస్తాండాది. ల్యాదంటే నీకు పిచ్చన్నా పట్టిండాల," అన్నాడు నల్లప్ప. పిచ్చోళ్ళను గొలుసేసి కట్టిపెట్టే చోటు యాడనో ఉందంట. శుక్రవారం ఆడికి తీసుకుపోవాలని ఇంట్లో తీర్మానం చేసినారు.

ఓబుళప్ప మా పక్కింటాయన. ఆ మాట మా మనవరాలు నిషాత్ చెవిన పడింది.

దానిదొక వింత. సాలెపురుగును చూస్తే మంచమెక్కి కూచుంటుంది. మళ్ళా వాటినే వెతుక్కుంటూ పోయి ఫోన్లో ఫోటోలు తీస్తుంది. "భయమైతే ఎందుకే?" అంటే, "ఒళ్ళు జలదరిస్తానే ఉంటాది అవ్వా, చూడాలనీ ఉంటాది," అంటుంది. ఇదేమి పిల్లో!

బుధవారం రాత్రి ఆ అన్నదమ్ముల వెంట చేనికి పోయింది. నాకు చెప్పి ఉంటే పోనిచ్చేదాన్నా?

"పురుగుకు మంచమెక్కే పిల్ల, దయ్యాన్ని పట్టేదానికొచ్చిండాది సూడన్నా!" అని నల్లప్ప దారంతా ఎగతాళి.

మోటారు గది కాడ ఓబుళప్ప నిలిచిపోయాడు. ఉండేది ఒకటే లైటు. దాన్ని విప్పి నిషాత్ నెత్తికి కట్టాడు.

"పాపా... కనపడ్తాండాయా?"

నిషాత్ తలెత్తింది. చేనంతా కండ్లు. చెట్ల కింద, కాలవ పక్కన, గెనిమ గట్టు మీద... వందలు!

"కనపడ్తాండాయి మామా."

ఓబుళప్ప అట్లే కూలబడినాడు. "యాడమ్మా? ఉత్త ఆకులే కదా," అన్నాడు నల్లప్ప.

నిషాత్ ఒక అడుగేసింది. దగ్గరి కన్ను కదల్లేదు. ఇంకో అడుగు... ఇంకోటి... వంగింది.

సాలెపురుగు! వీపు మీద ఇసుక పోసినట్టు పిల్లలు. "అమ్మా!" అని ఎగిరి వెనక్కి పడిందంట. లేచి మళ్ళా వంగింది. మూడు ఫోటోలు ఊగిపోయినాయి. నాలుగోది నిలిచింది.

లైటు విప్పి నల్లప్ప నెత్తికి కట్టింది.

"అయ్యో నాయనా!" నల్లప్ప చేతిలో కట్టె జారిపోయింది.

"ఏం ల్యాదు మామా, సాలెపురుగులే. లైటు మన కండ్ల కాడ ఉంటేనే వాటి కండ్లు మనకు మెరుస్తాయి. పక్కనుండేవాళ్ళకు మెరవవు."

నల్లప్ప చేనంతా ఒకసారి చూసి నవ్వినాడు. అన్న భుజం పట్టుకుని, "యా ఊరికీ పోయే పనిల్యాదులేన్నా," అన్నాడు. ఓబుళప్ప పైగుడ్డతో మొగం తుడుచుకున్నాడు.

ముగ్గురూ ఇంటిదారి పట్టినారు. కొంచెం దూరం వచ్చినాక ఓబుళప్ప మెల్లగా అడిగినాడు —

"పాపా, పురుగులు రెప్పలార్పుతాయా?"

"వాటికి రెప్పలే ఉండవు మామా."

"మరి గెనిమ మీద ఒక జత ఆర్పుతాండాదే... రోజూ?"

నల్లప్ప టక్కున నిలబడినాడు. "ఏమన్నావన్నా?"

నిషాత్ గబుక్కున అందుకుంది. "గడ్డి మామా! గాలికి గడ్డి అడ్డమొచ్చి పోతాంటే ఆర్పినట్టే ఉంటాది."

"అంతేలే," అని నల్లప్ప నడిచినాడు. ఓబుళప్ప వెనక్కి తిరిగి గెనిమ దిక్కే చూసినాడు.

ఆ రాత్రి నిషాత్ నా పక్కనొచ్చి పడుకుంది. కాళ్ళు చల్లగా ఉన్నాయి. ఇదంతా చెప్పి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అవ్వా... ఆ జతను నేనూ చూసినా."

"గడ్డి అంటివి కదే?"

"ఆడ గాలే ల్యాదవ్వా... ఆకు గూడా కదల్లా."