వేడి పట్టీ సందేహాలు

"మీరమ్మిన వేడి పట్టీ నా నడుం కాల్చేసింది," అన్నాడు సోయిచి, మందుల షాపు గుమ్మంలో భుజాల మీది మంచు దులుపుకుంటూ.

అకితా కొండల్లోని ఓ చిన్న రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద మంచు ఎత్తిపోయడం అతని పని. చలి మొదలైనప్పటి నుంచి నడుం పట్టేస్తోంది.

కౌంటరు వెనక చిజురు తలెత్తింది. "ఒంటికి నేరుగా అంటించారా?"

"వేడి బాగా తగులుతుందని..."

"పడుకునేముందు తీశారా?"

అతను నేల చూపులు చూశాడు.

"ప్యాకెట్ మీద రాసింది చదవరు గానీ, పోట్లాటకు మాత్రం వస్తారు," అంది. గొంతులో కోపం లేదు. "బనీను వేసుకుని దానిమీద అంటించండి. పైన బెల్టు బిగించొద్దు. చురుక్కుమంటే వెంటనే తీసేయండి. నిద్రపోయేటప్పుడు వద్దు, కాళ్ళు వెచ్చబెట్టుకునే కొతాత్సు బల్ల దగ్గర కూర్చున్నప్పుడూ వద్దు, దాని కింది హీటరు వేడి కూడా తోడవుతుంది. కాలినచోటు మానేదాకా అసలు జోలికే పోకండి. బొబ్బ లేస్తే డాక్టరుకి చూపించండి."

బయట మంచు చప్పుడు లేకుండా రాలుతోంది. సోయిచి సగమే విన్నాడు. మిగతా సగం వినడానికి మర్నాడు మళ్ళీ వచ్చాడు.

గాయం మానింది. బనీను మీద పట్టీతో నడుం హాయిగానే ఉంది. సందేహాలే తగ్గలేదు.

"నూలు బనీను మంచిదా, ఊలుదా?"

"ఏదైనా పరవాలేదు."

"అన్నం తినేటప్పుడు ఉంచుకోవచ్చా?"

చిజురు నవ్వాపుకోలేక అల్మరా వైపు తిరిగింది.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు అతను రాలేదు. తలుపు గంట మోగినప్పుడల్లా ఆమె తలెత్తి చూసింది. అయిదో రోజు బూట్లు తొడుక్కుని స్టేషనుకే వెళ్ళింది. ప్లాట్‌ఫాం చివర, తెల్లటి మసకలో, పారతో అతనొక్కడే ఉన్నాడు.

"నడుం మళ్ళీ పట్టేసిందేమో అనుకున్నాను."

"లేదండీ. అడగడానికి సందేహాలు అయిపోయాయి."

"నాకొకటి ఉంది," అంది ఆమె. "సెందాయ్ నగరంలో పెద్ద మందుల షాపువాళ్ళు పనిలోకి రమ్మంటున్నారు. సోమవారంలోగా చెప్పాలి. నాకైతే ఈ ఊరు వదలాలని లేదు. మీరేమంటారు?"

అతను పార మంచులో గుచ్చాడు.

"మీరు వెళితే ప్రతి ఆదివారం రైలెక్కి వస్తాను. ఉంటే నడిచి వస్తాను. రావడం మాత్రం మానను."

"అయితే నడిచే రండి," అంది చిజురు, మెల్లగా.

ఆదివారం అతను చిజురు వాళ్ళింటికి వచ్చాడు. చేతిలో తన తల్లి పొగబెట్టి ఊరేసిన ముల్లంగి పొట్లం. చిజురు తల్లి ఒక ముక్క కొరికి, అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇది చేసినావిణ్ణి కూడా ఓసారి తీసుకురా బాబూ. మాట్లాడుకోవాలి."