ఎర్రదారం క్యాసెట్

శుక్రవారం పొద్దున దోన్యా ఒర్తెన్సియా లెదెస్మా తన ఆఫీసు తాళం తీయడానికి వచ్చేసరికి మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. వయసు ముప్పయి దాటి ఉంటుంది. తల దువ్వుకోలేదు, నిన్నటి బట్టలు మార్చుకోలేదు. కొచబాంబాలో ప్రైవేట్ డిటెక్టివ్‌ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళలో సగం మంది మొగుళ్ళ మీద అనుమానంతో వస్తారు, తక్కిన సగం మంది పెళ్ళాల మీద. ఈవిడ ఆ రెండు రకాల్లోనూ చేరేలా లేదు.

"నేను దాచిపెట్టిన ఒకావిడ గొంతు పోయిందండీ. రేపు ఆవిడొచ్చి చెయ్యి చాపితే నేనేం పెట్టాలి?" అంది.

గొంతు పోవడమేమిటో అర్థం కాక వెనకే వచ్చిన ఫెర్మిన్ క్లారోస్ తన మెడ తడుముకున్నాడు. ఫెర్మిన్ ఒకప్పుడు టాక్సీ నడిపేవాడు. పోయిన తన బండిని దోన్యా ఒర్తెన్సియా వెతికి ఇచ్చిన నాటి నుంచి ఆవిడకు సహాయకుడిగా కుదిరిపోయాడు. ఆవిడ దగ్గినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే మనిషి.

కాఫీ తాగించాక విషయం బయటికి వచ్చింది. ఆవిడ పేరు ఇవోన్ ఆర్నేస్, ఊళ్ళోని సామాజిక శాస్త్రాల పరిశోధన సంస్థలో పని చేస్తుంది. ఒరూరో వైపు గనులు మూతపడ్డాక ఈ ఊరి సంతకు వచ్చి బతికిన ఆడవాళ్ళ జీవితాలు ఆమె పరిశోధన. వాళ్ళలో ఒక పెద్దావిడ తన కథంతా చెప్పింది, రెండు షరతుల మీద. టేపు ఇంకెవరూ వినకూడదు. రాసింది తనకు చదివి వినిపించి టేపు తన చేతికే ఇచ్చేయాలి. శనివారం ఆ చదివి వినిపించే రోజు. గురువారం పొద్దున సంస్థలో సెమినార్ జరిగింది. ఆ మధ్యాహ్నం ఇవోన్ యూనివర్సిటీలో పాఠం చెప్పి మూడు దాటాక వచ్చేసరికి ఆమె సొరుగు తెరిచి ఉంది.

"తాళం పగలగొట్టారా?" అని అడిగింది దోన్యా ఒర్తెన్సియా.

"లేదు. తాళంచెవి ముళ్ళ మొక్క కుండీ కింద పెడతాను. అక్కడుంటుందని అందరికీ తెలుసు."

ఫెర్మిన్ నిట్టూర్చాడు. సొరుగులో ఇంకా బోలెడు క్యాసెట్లున్నాయట. గుర్తు కోసం ఒక్కో డబ్బాకు ఒక్కో రంగు దారం కట్టింది తప్ప పేర్లు రాయలేదు. ఎర్రదారం కట్టినది ఒక్కటే పోయింది. ఆ రంగు ఎవరిదో సెమినార్‌కు వచ్చిన వాళ్ళకు మాత్రమే తెలుసు. ఎవరి కథ చదువుతున్నారో వాళ్ళ టేపును ఒక ఖాళీ కుర్చీలో పెట్టి చదవడం ఆ సంస్థ ఆచారం. మాట ఇచ్చిన మనిషి గదిలోనే ఉందన్న సంగతి మరిచిపోకుండా అలా పెడతారు.

"కథలో ఏముంది?"

ఇవోన్ వ్యాసంలో ఉన్నంత వరకే చెప్పింది. గని మూతపడ్డాక తిండి లేని రోజుల్లో ఆ తల్లి కుండలో నాలుగు దుంపలతో పాటు ఒక గుండ్రాయి కూడా వేసి ఉడికించేది. కొడుకు మూత తీసి చూస్తే కుండ నిండుగా కనబడాలని. చివరికి ఆ కొడుకు జ్వరంతో చనిపోయాడు. ఆ తర్వాత ఆమె ఇక్కడికి వచ్చింది.

"ఇందులో మీరేం మార్చారు?"

"పేరు, ఊరు, ఇంకా కొన్ని. సొంత చెల్లెలు చదివినా గుర్తుపట్టలేదు. ఏం మార్చానో చెప్పేస్తే మార్చి లాభమేముంది మేడమ్? ఆవిడెవరో అడగకూడదు, చెప్పకూడదు. మా దగ్గర అది గట్టి నియమం."

సెమినార్ ఎలా జరిగిందంటే ఇవోన్ ముఖం ముడుచుకుంది. డైరెక్టరూ, తోటి పరిశోధకురాలు మిర్తా పెరెదో కలిసి ఆ రాయి గురించే గంటసేపు వాదించుకున్నారు. అది భూమాతకు పెట్టిన మొక్కు అని మిర్తా, వేడి నిలబెట్టే ఉపాయం అని డైరెక్టర్. పిల్లాడి కోసమని రాసే ఉంది కదా అని తానంటే, పైకి అలా చెబుతారులే అని ఇద్దరూ కొట్టిపారేశారట. ప్రశ్న మొదలుపెడితే కాఫీ చల్లారేదాకా ఆపని ఇంకో పరిశోధకుడు రొసెందో ఉర్కీదీ మాత్రం అసలు నోరే విప్పలేదు.

"నా వ్యాసం అంత చప్పగా ఉందన్నమాట," అంది ఇవోన్.

వాళ్ళు సంస్థకు చేరేసరికి మధ్యాహ్నమైంది. దారిలో ఫెర్మిన్ మూల కొట్టు దగ్గర ఆగి, మాంసం కూరి కాల్చిన సల్తేన్యా ఒకటి ఇమ్మన్నాడు. అప్పటికే తట్ట కడుగుతున్న కొట్టావిడ అతన్ని ఎగాదిగా చూసింది. "ఈ వేళప్పుడు సల్తేన్యా ఏంటి నాయనా, ఏ ఊరు నీది? పొద్దున్నే రావాలి," అంది. ఇక్కడే పుట్టి పెరిగిన ఫెర్మిన్‌కు తల కొట్టేసినట్టయింది. ఆకలి మనిషి చేత అంత పనీ చేయిస్తుంది.

సెమినార్‌లో ఉన్నది ఇవోన్ కాక ముగ్గురే. డైరెక్టర్ గ్వాల్బెర్తో సురీతా పెద్ద మనిషి, పెద్ద పొట్ట. గురువారం మధ్యాహ్నం ఏం చేస్తున్నారంటే ఆలోచిస్తున్నానన్నాడు. కళ్ళు మూసుకునా అంటే, చాలావరకు అన్నాడు. ఈ సంగతి పేపర్లకు ఎక్కకూడదని బతిమాలాడు. రొసెందో మీద ఈగ వాలనివ్వలేదు. అతను సుక్రేలో లాయర్ల కుటుంబంలో పుట్టిన వాడనీ, దొంగతనం అతని వంశంలోనే లేదనీ హామీ ఇచ్చాడు.

మిర్తా పెరెదో సన్నగా, చురుగ్గా ఉంది. ఎవరు దొంగిలించి ఉంటారని అడిగితే ఆ మాటనే ఒప్పుకోలేదు.

"దొంగతనం అంటే మీ ఉద్దేశమేంటి? ఆ గొంతు ముందు తీసుకున్నది ఇవోన్ కదా. తీసుకున్నదాన్ని తీసుకుంటే అది ఏమవుతుంది?"

"టేపు మీరు తీశారా, లేదా?"

"మీరు అనేది చేత్తోనా?"

ఫెర్మిన్‌కు కళ్ళు తిరిగాయి. చాలా సేపు వేధించాక మిర్తా మధ్యాహ్నమంతా డైరెక్టర్ గది పక్కనున్న లైబ్రరీలో ఉన్నానని చెప్పింది. ఆయన గురక వల్ల ఒక్క ముక్క చదవలేకపోయిందట. మధ్యలో ఆయన నిద్రలోనే "కోరం లేదు, కోరం లేదు" అని అరిచాడట. దోన్యా ఒర్తెన్సియా వెంటనే డైరెక్టర్ ఇంటికి ఫోన్ చేసింది. రోజూ అదే పాట అని ఆయన భార్య అటునుంచి వాపోయింది.

రొసెందో ఉర్కీదీ వంటింట్లో దొరికాడు. శుక్రవారం పూట అందరికీ వండే వంతు అతనిది. నలభై దగ్గరపడిన నెమ్మదైన మనిషి. పొయ్యి సెగకు చెమటలు కారుతున్నా కోటు విప్పకుండా వేరుశనగ సూప్ కలుపుతున్నాడు. నిన్న మూడింటప్పుడు ఎక్కడున్నారని దోన్యా ఒర్తెన్సియా అడిగింది.

"మూల కొట్లో. సల్తేన్యా తిని, కాసేపు అటూ ఇటూ తిరిగి వచ్చాను."

"బాగున్నాయా?"

"ఎప్పటిలాగే."

ఆవిడ తలూపి బయటికి వచ్చింది. ముంగిట్లో నిమ్మచెట్టు కింద నిలబడి ఫెర్మిన్ మొర పెట్టుకున్నాడు. "అమ్మగారూ, దొంగలతో మాట్లాడినప్పుడు కూడా నాకింత అయోమయం కాలేదు. వీళ్ళలో ఎవరు అబద్ధమాడుతున్నారో సరే, ఎవరు ఏం చెబుతున్నారో కూడా తెలియడం లేదు."

"నాకూ సగమే తెలిసింది. ఎవరు తీశారో తెలుస్తోంది కానీ ఎందుకో తెలియడం లేదు. ఆ టేపుతో ఆ మనిషికి ఏం పని?" అంది దోన్యా ఒర్తెన్సియా. ఆవిడ నుదురు అలా ముడిపడటం ఫెర్మిన్ ఎన్నడూ చూడలేదు. అతనికి బెంగ పట్టుకుంది.

భోజనాల దగ్గర ఆ బెంగ కాస్త తగ్గింది. అడుగునున్న మాంసం ముక్క కోసం ఫెర్మిన్ గరిటె లోతుగా ముంచాడు. ఠక్కుమని ఏదో తగిలింది. పైకి తీస్తే గుండ్రటి రాయి.

మిర్తా పకపకా నవ్వింది. "కంగారుపడకండి. రొసెందో వండితే రాయి గ్యారంటీ. ఏళ్ళ తరబడి ఇంతే. మా పళ్ళు ఊడగొట్టాలని చూస్తున్నాడు."

డైరెక్టర్ కూడా నవ్వాడు. రొసెందో పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఇవోన్ రోజూ ఆ వేళకు పాఠానికి వెళ్ళిపోతుంది కాబట్టి అక్కడ అన్నం తినడం ఆమెకు అదే మొదలు. చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది. దోన్యా ఒర్తెన్సియా మాత్రం సూప్ మొత్తం తాగి, మూతి తుడుచుకుని, అందరినీ లైబ్రరీకి రమ్మంది.

లైబ్రరీలో ఒక ఖాళీ కుర్చీ ఉంది. గురువారం టేపు పెట్టిన కుర్చీ అది. ఆవిడ దాని పక్కన నిలబడింది.

"క్యాసెట్ ఈ ఇల్లు దాటి పోలేదు. ఈ గదిలోనే ఉంది," అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఒక చెయ్యి కోటు జేబు మీదికి పోయింది. ఇవోన్ అది చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"డైరెక్టర్ గారు నిద్రపోతున్నారు. ఆయన నిద్రలో ఏమన్నారో మిర్తాగారు పక్క గదిలో ఉండబట్టే విన్నారు. ఇద్దరూ కాదని తేలిపోయింది. రొసెందోగారు మూడింటికి సల్తేన్యా తిన్నానన్నారు. ఆ వేళకు ఈ ఊళ్ళో సల్తేన్యా ఎక్కడుంది? ఇక్కడి మనిషి ఎవరూ చెప్పని అబద్ధం అది. అడిగినదానికి ఏదో ఒకటి అనేశారు తప్ప, ఆయన మనసు అక్కడ లేదు. ఎక్కడుందో నాకు తెలియలేదు, మా ఫెర్మిన్ గరిటెకు రాయి తగిలేదాకా."

ఫెర్మిన్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"నిన్న మీరు కాగితం మీది రాయి గురించి గంటసేపు కొట్టుకున్నారు. ఇవాళ అలాంటి రాయే మీ సూప్‌లో బయటపడితే నవ్వుకున్నారు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మీ చదువు. అంతా వాదిస్తుంటే ఒక్కాయన నోరు విప్పలేదు. వ్యాసం చప్పగా ఉండి కాదు ఇవోన్‌గారూ. లాయర్ల ఇళ్ళలో కుండలో రాళ్ళు వేయరు. రొసెందోగారూ, మిమ్మల్ని ఎవరు పెంచారు?"

 రొసెందో చెప్పాడు. సుక్రే లేదు, లాయర్లు లేరు. గనుల ఊళ్ళో ఆరేళ్ళ వయసులో అమ్మ అతన్ని పాద్రీల అనాథాశ్రమంలో వదిలిపెట్టింది. ఉర్కీదీ అనే ఇంటిపేరు కూడా వాళ్ళు పెట్టిందే. అందరి కథలనూ మార్చి రాసే ఈ ఇంట్లో అతను తన కథను కూడా మార్చేసుకున్నాడు. అమ్మ ముఖం గుర్తులేదు. కుండ మూత తీస్తే నిండుగా కనబడటం మాత్రం గుర్తుంది.

"నేను చచ్చిపోయానని చెప్పుకుందా మా అమ్మ? నిన్నటి నుంచీ అదే నా బుర్ర తినేస్తోంది. సిగ్గుపడి చెప్పిందా? చచ్చాననే అనుకుంటోందా? ఇవోన్‌ను అడుగుదామంటే అడగకూడదు. తీసుకున్నాను, విందామని," అన్నాడు.

జేబులోంచి క్యాసెట్ తీసి ఖాళీ కుర్చీలో పెట్టాడు. డబ్బా చుట్టూ ఎర్రదారం ముడి కట్టింది కట్టినట్టే ఉంది.

"వినలేకపోయాను. నేను చచ్చానని ఆవిడే అనుంటే?"

మిర్తా పెరెదో తలుపు వైపు తిరిగి నిలబడింది. అందరూ ఇవోన్‌నే చూస్తున్నారు. ఆమె ముఖం పాలిపోయింది. ఇచ్చిన మాట ఒక పక్క, ఎదురుగా ఈ మనిషి ఒక పక్క. 

"ఆవిడ చెప్పింది నేను చెప్పకూడదు. ఒక్క ముక్క కూడా చెప్పను. నేను చెప్పింది మాత్రం నాది, అది చెప్పొచ్చు. జ్వరం నేను రాసింది. చావు నేను రాసింది. ఎవరూ గుర్తుపట్టకూడదని పిల్లాణ్ణి చంపేశాను రొసెందో. ఇంకోలా మార్చే తెలివి నాకు లేకపోయింది. తక్కినదేదైనా రేపు ఆవిడే చెప్పాలి."

రొసెందో కుర్చీలో కూలబడి పిల్లాడిలా ఏడ్చాడు. డైరెక్టర్ తన రుమాలు అతనికి ఇచ్చాడు. దోన్యా ఒర్తెన్సియా ఫీజు సంగతి ఎత్తలేదు.

శనివారం పొద్దున పెద్దావిడ వచ్చింది. తలమీద తెల్ల టోపీ, చుట్టూ బరువైన గాగ్రా, వీపున మూట. ఇవోన్ క్యాసెట్‌ను ఆమె చేతిలో పెట్టింది. ఆమె దారం ముడి వేలితో తడిమి చూసుకుని దాన్ని రొమ్ము దగ్గర దోపుకుంది. తన కోసం ఒకరు వంట చేస్తున్నారనీ, ఇష్టమైతేనే లోపలికి వెళ్ళమనీ ఇవోన్ చెప్పింది. అంతకు మించి ఏమీ చెప్పలేదు. ఆ టేపులో ఏముందో ఈ కథ రాస్తున్న నాకూ తెలియదు, తెలిసినా ఇక్కడ రాయను.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. ఫెర్మిన్ గుమ్మం దాకా వెళ్ళి తొంగిచూశాడు. దోన్యా ఒర్తెన్సియా అతని కాలర్ పట్టుకుని వెనక్కి లాగింది కానీ, అప్పటికే అతను చూసేశాడు. రొసెందో గరిటె పట్టుకుని నిలబడ్డాడు.  పెద్దావిడ అతని వైపు చూడకుండా ముందు కుండ దగ్గరికి వెళ్ళింది. మూత తీసింది. ఆవిరి పోయేదాకా ఆగి లోపలికి వంగి చూసింది. చాలా సేపు చూసింది.

"ఇన్ని దుంపలుండగా," అంది, "రాయెందుకురా?"