కాళ్ళు లేని పిల్లలు, కళ్ళున్న కుర్రాడు

"మీ దగ్గర సిసీలియన్లు ఉన్నాయని విన్నానండీ!" అంది గేటు దగ్గర తడుస్తూ నిలబడ్డ అమ్మాయి.

వాన రేకుల షెడ్డు మీద డప్పు వాయిస్తోంది. మొక్కల నర్సరీ నడిపే కుర్రాడికి ఆ మాట సగమే చెవిన పడింది.

"సివిలియన్లా? ఉన్నామండీ. నేనూ, మా అమ్మా. మా ఇంట్లో మిలిటరీ వాళ్ళెవరూ లేరు."

"సివిలియన్లు కాదు మహానుభావా, సిసీలియన్లు! కప్పకి చుట్టాలు. కాళ్ళుండవు. మట్టిలో సొరంగాలు తవ్వుకుని బతుకుతాయి."

"ఓ, గుడ్డిపాములా! మా ఎరువు కుప్ప నిండా అవే. నిన్న ఒకటి పారకి అడ్డొచ్చింది."

"చంపేశారా?"

"అయ్యో, లేదండీ. పక్కకి జరగమన్నాను. చెవులు లేవు కాబోలు, వినిపించుకోలేదు."

"నిజంగానే లేవు," అని నవ్వింది. ఆ నవ్వుకి మనవాడికీ కాళ్ళు లేకుండా పోయాయి. నిలబడ్డ చోటు నుంచి కదిలితే ఒట్టు.

ఆ అమ్మాయి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. మర్నాటికి ఆమె ఇతనికి 'మేడం' అయింది, ఇతను ఆమెకి 'ఓనరుగారు' అయ్యాడు. నర్సరీకి ఓనరే గానీ నోటికి కాదు. మేడం కనబడితే చాలు, అది చెప్పిన మాట వినడం మానేసేది.

మాగిన ఆకుల అడుగున ఒక తల్లి సిసీలియన్ దొరికింది. మబ్బురంగు ఒళ్ళు, ఒంటినిండా గాజులు తొడుక్కున్నట్టు వలయాలు. గుడ్ల గుత్తి చుట్టూ చుట్టుకుని పడుకుంది. మేడం బురదలోనే మోకాళ్ళ మీద కూలబడింది.

"ఓనరుగారూ, ఈ రకం తన పిల్లల్ని ఎలా సాకుతుందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. నేను చూడగలిగితే నా పరిశోధన నిలబడుతుంది. లేదా, మా గైడు నన్ను కప్పల దగ్గరకి మార్చేస్తారు."

"కప్పలకేం తక్కువండీ?"

"గోల ఎక్కువ. దీన్ని బండిలో కుదిపి తీసుకెళ్తే గుడ్లు వదిలేస్తుంది. మీ షెడ్డులో ఉంచుకోనిస్తారా?"

షెడ్డేం కర్మ, ఇల్లు అడిగినా రాసిచ్చేవాడే. కుండీల బల్ల మీద గాజు పెట్టె వెలిసింది. అందులో తడి మట్టి, పైన నల్లగుడ్డ. మేడం రోజూ వచ్చేది. ఆమె వచ్చే వేళకి మనవాడు షెడ్డు ఊడ్చి, తల దువ్వుకుని, గులాబీ అంట్లు కడుతున్నట్టు నటించేవాడు.

"ఓనరుగారూ, ఆ కొమ్మ తలకిందులుగా కట్టారు."

"కొత్త పద్ధతండీ."

"పూలు కూడా వేళ్ళకే పూస్తాయా?"

ఇలా ఇతను అంటు కట్టడం, ఆమె ముడి విప్పడం సాగుతుండగా గుడ్లు చిట్లాయి. వేలెడంత పిల్లలు, తెల్లగా, దారప్పోగుల్లా. ఆ కబురు గైడుకి స్వయంగా చెప్పడానికి మేడం రెండ్రోజులు యూనివర్సిటీకి వెళ్ళింది. వెళ్తూ, "చీకటి, తడి, అంతే. చెయ్యి పెట్టకండి," అని మరీ చెప్పింది.

ఆ మర్నాడు కుర్రాడు గుడ్డ తీసి చూశాడు. పిల్లలన్నీ తల్లి మీదకెక్కి, పళ్ళతో దాని తోలు పట్టి లాగుతున్నాయి. తల్లి కిక్కురుమనడం లేదు.

"కన్నతల్లిని కొరుక్కుతింటార్రా, కడుపు కాల్చేవాళ్ళారా!" అని తిట్టి, పిల్లల్ని ఒక్కొక్కటే ఏరి నారు పోసే ట్రేలో తడి మట్టిలోకి మార్చాడు. వానపాముల్ని తరిగి విందు కూడా పెట్టాడు. మేడం వచ్చి మెచ్చుకుంటుందని కలలు కన్నాడు.

మేడం వచ్చింది. మెచ్చుకోలేదు.

"పిల్లల్ని తల్లి దగ్గర్నుంచి లాక్కోడానికి మీకు మనసెలా వచ్చింది? ఆకలితో చచ్చిపోతే ఎవరిది పూచీ?"

సరిగ్గా అప్పుడే టీ పట్టుకొచ్చిన అమ్మ, గుమ్మం బయట ఆ ముక్క మాత్రం విని, గ్లాసులు కిటికీలో వదిలేసి పక్కింటి బాబాయి కోసం పరుగెత్తింది. లోపలివాళ్ళకి ఇది తెలియదు.

"కొరుకుతున్నాయండీ!"

"కొరకడం కాదు, అది భోజనం! దీని దగ్గరి చుట్టాల్లో తల్లి తోలు పైపొరే పిల్లలకి పాలు. అందులో కొవ్వు నింపుకుని పెడుతుంది. పిల్లలు గీరుకుని తింటాయి, మళ్ళీ కొత్త పొర వస్తుంది. ఈ రకమూ అంతేనేమోనని నా అనుమానం. మీకు ముందే చెప్పాల్సింది."

ట్రేలో వానపాము ముక్కలు అలాగే ఉన్నాయి. పిల్లలు వాడిపోయి ఉన్నాయి.

ఇద్దరూ ఒక్కొక్క పిల్లనీ తడి దూదితో ఎత్తి పెట్టెలోకి చేర్చారు. తల్లి కదల్లేదు. పిల్లలూ కదల్లేదు.

"మేడం, మీ పరిశోధన నేనే పాతిపెట్టానా?"

"మాట్లాడకండి. చూడండి."

ఒక పిల్ల తల ఎత్తింది. కంటి పక్కనుండే చిన్న మొలకలాంటి మీసంతో వాసన పట్టి, తల్లి పక్కలోకి పాకింది. పట్టింది. లాగింది. ఉల్లిపొరలా పలచటి తోలు ఊడొచ్చింది. దాని వెనకే రెండోది, ఆపైన అన్నీ ఎగబడ్డాయి.

మేడం అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. వదలడం మర్చిపోయింది.

"దానికి కళ్ళు తోలు కింద ఉన్నాయి ఓనరుగారూ. అయినా దారి తెలుసుకుంది. కొందరికి కళ్ళు పైనే ఉంటాయి. ఏం లాభం?"

మనవాడు నోరు తెరిచాడు. అదే క్షణాన తలుపూ తెరుచుకుంది.

"ఒరేయ్! ఎవర్రా ఆ తల్లి?" అంది అమ్మ. వెనక గొడుగుతో బాబాయి.

"పెట్టెలో ఉందమ్మా."

"పెట్టెలో పెట్టావుట్రా! పిల్లలెందరు?"

"ఎనిమిది."

బాబాయి కుర్చీ కోసం వెతుక్కున్నాడు. "ఎప్పుడు పుట్టార్రా?"

"మొన్న. అందరూ ఒకేసారి."

"బాబాయిగారూ, కూర్చోండి," అని మేడం గుడ్డ పూర్తిగా తీసి, గుడ్ల దగ్గర్నుంచి తోలు భోజనం దాకా అంతా విడమరిచి చెప్పింది. అమ్మ ముక్కు గాజుకి ఆనించి చాలాసేపు చూసింది.

"మా కాలంలో మేలు చేసినవాళ్ళకి చర్మం వలిచి చెప్పులు కుట్టిస్తామనేవాళ్ళం. ఈ మహాతల్లి ఏకంగా అన్నమే పెట్టేసింది!"

"చెప్పులు కుట్టిద్దామన్నా పిల్లలకి కాళ్ళేవీ, వదినా?" అన్నాడు బాబాయి.

"సరే, పిల్లల సంగతి తేలింది. మరి ఈ పిల్ల సంగతేమిట్రా?" అంది అమ్మ, ఇంకా ముడిపడే ఉన్న చేతుల్ని చూస్తూ.

కుర్రాడు అమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఈవిడ రోజూ వచ్చింది వాటి కోసం. నేను రోజూ షెడ్డు ఊడ్చింది ఈవిడ కోసం. నాకూ వాటి మీదే ప్రేమనుకుని ఉంటుంది. ఇవాళ చెప్పకపోతే కప్పల దగ్గరకి నేనే పోవాలి."

"నేనేం అలా అనుకోలేదు," అంది మేడం, చెవులు ఎర్రబడుతుండగా. "అత్తయ్యగారూ, గుడ్ల మీదున్న తల్లిని రోజూ చూడనక్కర్లేదు. వారానికోసారి చాలు. ఆ సంగతి మీ అబ్బాయికే చెప్పలేదు."